పెళ్లి ఫొటోగ్రఫీ – 7వ పాఠం: ఇంగ్లాండ్ చర్చిలో పెళ్లి, మేనర్ హోటల్లో రిసెప్షన్

గత పాఠంలో రెండు మూడు రకాల వెలుతురు కలిసిన చోట వైట్ బ్యాలెన్స్ (రంగులు సహజంగా వచ్చేలా చేసే కెమెరా సెట్టింగ్) ఎలా పెట్టుకోవాలో చూశాం. ఆ విద్య రోజంతా పనికొచ్చే పెళ్లి ఒకటుంది: ఇంగ్లాండ్‌లో మధ్యాహ్నం చర్చి, సాయంత్రం మేనర్ హోటల్, అంటే హోటల్‌గా మారిన పాతకాలపు జమీందారీ భవనం. అక్కడ చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో శనివారాలు పెళ్లిళ్లు తీస్తున్న మనవాళ్ల కోసం ఈ పాఠం.

ఉదాహరణగా కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలోని లోయర్ స్లాటర్ అనే చిన్న ఊరిని తీసుకుందాం. సెయింట్ మేరీ చర్చి, పాత మేనర్ హౌస్‌లో నడుస్తున్న హోటల్ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. చర్చి కట్టడం చాలావరకు 1866 నాటిది. కార్లో పరుగులు పెట్టే పని లేదు కాబట్టి మన దృష్టంతా వెలుతురు మీదే పెట్టొచ్చు.

మన పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం వేళకి ఫొటోగ్రాఫర్ మండపం ఎక్కేస్తాడు, ఎవరూ ఏమీ అనరు. మన దగ్గరి చాలా చర్చి పెళ్లిళ్లలోనూ పాస్టర్ గారి పక్కదాకా వెళ్లి తీసే చనువు ఉంటుంది. ఇంగ్లాండ్ చర్చిలో ఆ అలవాటు పక్కన పెట్టాలి. అక్కడ మాట వికార్ గారిది, అంటే ఆ చర్చి పాస్టర్‌ది. ఎక్కువమంది ఫ్లాష్ వద్దంటారు, ఆరాధన జరుగుతుండగా అటూ ఇటూ తిరగొద్దంటారు. కొందరు ప్రమాణాల సమయంలో అసలు ఫొటోలే వద్దంటారు. ఇది ఆయన చాదస్తం కాదు. అక్కడ జరిగేది ముందు ఆరాధన, ఆ తర్వాతే మన షూటింగ్. ఆ గౌరవం మన నడకలో, బట్టల్లో, షట్టర్ చప్పుడులో కనిపిస్తే వికార్ గారే మంచి చోటు చూపిస్తారు.

కాబట్టి కెమెరా సెట్టింగుల కంటే ముందు తేల్చుకోవాల్సింది మీరు నిలబడే చోటు. రిహార్సల్ రోజున వెళ్లి అడగండి. ఏ చోటు అడగాలో తెలుసుకుని మరీ వెళ్లండి.

ఇంగ్లాండ్ పాత చర్చిలు సాధారణంగా తూర్పు ముఖంగా ఉంటాయి. ఆల్టర్ (ఆరాధన జరిగే బల్ల) తూర్పున, దాని వెనక రంగు అద్దాల పెద్ద కిటికీ. వధూవరులు ఆల్టర్ వైపు తిరిగి నిలబడినప్పుడు సంప్రదాయం ప్రకారం పెళ్లికూతురు పెళ్లికొడుక్కి ఎడమ పక్కన, అంటే ఉత్తరం వైపు ఉంటుంది. ప్రమాణాలకి ఇద్దరూ ఎదురెదురుగా తిరుగుతారు. అప్పుడు ఆమె ముఖం దక్షిణానికి వస్తుంది. మధ్యాహ్నం రెండు గంటల పెళ్లైతే ఎండ వచ్చేదీ దక్షిణం కిటికీల్లోంచే. ఆ వెలుతురు నేరుగా ఆమె ముఖం మీద పడుతుంది. మీరు మధ్య నడవ చివర, పడమటి గుమ్మం దగ్గర నిలబడితే ఇద్దరి ముఖాలూ పక్కనుంచి సగమే కనిపిస్తాయి. దక్షిణం పక్క నడవలో, ముందు వరుసలకి దగ్గరగా ఉన్న స్తంభం పక్కన చోటు దొరికితే పెళ్లికొడుకు భుజం మీదుగా ఆమె ముఖం నిండుగా దొరుకుతుంది. అడగాల్సింది ఆ చోటే. ఇంకో ఫొటోగ్రాఫర్ ఉంటే ఉత్తరం వైపు పెట్టండి, పెళ్లికొడుకు ముఖం అతనికి దక్కుతుంది. అన్ని చర్చిలూ కచ్చితంగా ఇలాగే ఉండవు కాబట్టి ఫోన్‌లో దిక్సూచి తెరిచి సరిచూసుకోండి.

ఇప్పుడు సెట్టింగులు. 70–200 జూమ్ లెన్స్, ఎఫ్ 2.8 (లెన్స్ ద్వారం బాగా తెరిచి), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 3200తో మొదలుపెట్టండి, చాలకపోతే 6400 దాకా వెళ్లడానికి భయపడొద్దు. గ్రెయిన్ (సన్నటి చుక్కలు) వచ్చిన ఫొటోని ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని పెట్టుకోలేం. పెళ్లికూతురు తండ్రి చేయి పట్టుకుని నడిచొచ్చేటప్పుడు షట్టర్ 1/250 ఉండాలి. ప్రమాణాల వేళ ఇద్దరూ కదలకుండా నిలబడతారు, అప్పుడు 1/100కి తగ్గించండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. బ్రిటన్‌లో కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, కొన్ని ఎల్ఈడీ దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. చప్పుడు రాకూడదని సైలెంట్ షట్టర్ వాడితే ఆ మినుకులు ఫొటోలో అడ్డచారలుగా పడతాయి. 1/100లో, 1/50లో ఆ బెడద తగ్గుతుంది. రిహార్సల్ రోజే దీపాలన్నీ వేయించి ఒక ఫొటో తీసి చూసుకోండి.

ఆల్టర్ వెనక కిటికీ ఫ్రేములోకి వస్తే కెమెరా మీటర్ ఆ వెలుగుకే లొంగిపోయి ముఖాలని నల్లగా చేస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటి వెలుతురే కొలిచే పద్ధతి) పెట్టి ముఖం మీద కొలవండి. తెల్లటి చర్మానికి సుమారు ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచాలి, మన చామనఛాయకి సున్నా దగ్గరే సరిపోతుంది. ఇంగ్లిష్ అమ్మాయి, తెలుగు అబ్బాయి ఒకే ఫ్రేములో ఉంటే? అమ్మాయి ముఖం, తెల్ల గౌను వెలిసిపోకుండా కొలత పెట్టి, అబ్బాయి ముఖాన్ని తర్వాత రా ఫైల్‌లో (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫైల్) కాస్త పైకి తీసుకురండి. నీడలో దాగిన వివరం మళ్లీ దొరుకుతుంది, వెలిసిపోయిన లేసు పనితనం ఇక దొరకదు.

ఉంగరం తొడిగే క్షణం గురించి ముందే పెళ్లికొడుకుతో మాట్లాడండి. టెన్షన్‌లో చాలామంది చెయ్యి నడుము దగ్గరే పెట్టుకుని, వంగిపోయి తొడిగేస్తారు. మనకి కనిపించేది కోటు చెయ్యే. పెళ్లికూతురి ఎడమ చేతిని ఛాతీ ఎత్తుకి లేపి, నెమ్మదిగా తొడగమని చెప్పండి. ఫోకస్ వేళ్ల మీద పెట్టి మూడు నాలుగు ఫొటోలు తీశాక వెంటనే ముఖానికి మార్చండి. ఉంగరం వేలి కణుపు దాటగానే ఆమె తలెత్తి అతన్ని చూస్తుంది. నా దృష్టిలో ఆ చూపుదే మొత్తం పెళ్లిలో మొదటి స్థానం.

సంతకాల దగ్గర ఎక్కువసేపు వద్దు. 2021 మే 4 నుంచి అక్కడ పాత రిజిస్టర్ పుస్తకం లేదు, ఒక పత్రం మీద సంతకాలు చేస్తారు. అందులో సొంత వివరాలుంటాయి, అవి చదవగలిగేలా తీయకండి.

బయటికి రాగానే జంట మీద కన్ఫెటీ (పూలరేకులు, కాగితం ముక్కలు) చల్లుతారు, మన తలంబ్రాల్లాంటి సందడే. చర్చి ఆవరణలో ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. అతిథుల్ని రెండు వరుసలుగా నిలబెట్టి, 35 ఎంఎం లెన్స్‌తో వెనక్కి నడుస్తూ తీయండి. షట్టర్ 1/500 కంటే నెమ్మదిస్తే పూలరేకులు గీతల్లా పడతాయి.

ఇక హోటల్. ఇక్కడ మీ కాళ్లకి స్వేచ్ఛ ఉంది, కొరత టైముకే. జూన్ చివర్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి మొదలు. చలికాలం పెళ్లైతే గ్రూప్ ఫొటోల కంటే ముందు జంటని తీసేయండి. వేసవిలో అయితే భోజనాలయ్యాక, ఎనిమిదిన్నరకి ఓ ఇరవై నిమిషాలు తోటలోకి తీసుకెళ్లండి.

గ్రూపులకి ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకోండి. ఎనిమిదికి మించొద్దని ముందే చెప్పండి. మన కుటుంబాలైతే పిన్నిలు, బాబాయిలు, మేనత్తలు కలిసి లిస్టు పెరిగిపోతుంది కాబట్టి, అందర్నీ పేరుపెట్టి పిలవగలిగే మనిషిని ఇరువైపుల నుంచీ ఒక్కొక్కర్ని అడిగి పెట్టుకోండి.

కాట్స్‌వోల్డ్స్ గోడలు తేనె రంగు సున్నపురాయివి. ఎండ పడుతున్న గోడకి ఎదురుగా జంటని నీడలో నిలబెడితే, గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు మెత్తగా, వెచ్చగా ఉంటుంది. గౌను కాస్త పసుపు తిరుగుతుంది, తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి.

లోపల ఓక్ చెక్క పలకల గోడలు ఉంటే ఫ్లాష్‌ని వాటివైపు తిప్పకండి. చెక్క సగం వెలుతురు మింగేసి, మిగతాది గోధుమ రంగు చేసి పంపుతుంది. సీలింగ్ తెల్లగా ఉంటే పైకి తిప్పండి, లేకపోతే స్టాండు మీద తెల్ల గొడుగు పెట్టుకోండి. పాత తరహా పసుపు దీపాలుంటే ఫ్లాష్‌కి నారింజ జెల్ (రంగు ప్లాస్టిక్ పలక) తగిలించి, వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ దగ్గర పెట్టండి. మొదటి డాన్స్‌కి ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, షట్టర్ 1/60. హాలు వెలుగు కూడా ఫొటోలోకి వస్తుంది. ప్రసంగాలప్పుడు మాట్లాడే తండ్రిని రెండు ఫొటోలు తీసి, వింటున్న కూతురి వైపు కెమెరా తిప్పండి.

ఈ వారం అభ్యాసం: దగ్గర్లోని చర్చికి అనుమతి తీసుకుని మధ్యాహ్నం వెళ్లండి. తెల్ల బట్టల్లో ఒక స్నేహితుణ్ణి ఆల్టర్ మెట్ల దగ్గర దక్షిణం వైపు తిప్పి నిలబెట్టండి. మధ్య నడవ చివరి నుంచి ఒకటి, దక్షిణం స్తంభం పక్క నుంచి ఒకటి, ఆల్టర్ వెనక కిటికీ ఫ్రేములోకి వచ్చేలా ఒకటి తీయండి. మూడింటికీ ఫ్లాష్ వద్దు. వాటి రా ఫైళ్లు ముట్టుకోకుండా ఉంచండి, 8వ పాఠంలో ఎడిటింగ్ వాటితోనే మొదలుపెడదాం.