వైరస్ వస్తోందని మెయిలొస్తే

అక్టోబరు వచ్చిందంటే విశాఖలో కిటికీ గడియలు సరిచూసుకుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఊడ్చేశాక అలవాటైన పని ఇది. ఆ రోజుల్లో తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? వాయుగుండం ఏ గంటకు ఎక్కడుంది, మనకు ఎన్ని కిలోమీటర్ల దూరం, ఎటు కదులుతోంది, పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, అంతవరకే ఉంటుంది. ‘ఇది వెంటనే ఇరవై మందికి పంపండి’ అని అందులో ఉండదు. మెయిల్లో వచ్చే కంప్యూటర్ వైరస్ హెచ్చరికల్నీ ఈ తూకంతోనే తూచొచ్చు. తేదీ లేదు, ఎవరు చెప్పారో లేదు, ‘అందరికీ పంపండి’ మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. అలాంటిది పుకారే అనుకోండి.

ఇంత చెప్తున్న నేనూ 2002లో బోల్తా పడ్డాను. ద్వారకానగర్ నెట్ సెంటర్‌లో మెయిల్ తెరిస్తే, ‘మీ కంప్యూటర్లో బూడిదరంగు ఎలుగుబంటి పిల్ల బొమ్మతో ఒక ఫైలుంటుంది, 14 రోజులు నిద్రపోయి తర్వాత అంతా నాశనం చేస్తుంది, యాంటీవైరస్‌కు దొరకదు, తీసేయండి’ అని ఉంది. ఇంటికెళ్లి వెతికితే నిజంగానే ఉంది! తీసేశాను. తర్వాత తెలిసింది, జేడీబీజీఎంజీఆర్ అనే ఆ ఫైలు విండోస్‌తో పాటే వచ్చేదని. జావా ప్రోగ్రాములు రాసేవాళ్లకు పనికొచ్చేదట. ఎవరు వెతికినా దొరికేది, దొరికింది కాబట్టి నమ్మేవాళ్లు. వైరస్ చేయాల్సిన పని మన చేత్తోనే చేయించారు, ఆ తెలివికి దండం పెట్టాలి. కాబట్టి ఫైలు తీసేయమనో, సెట్టింగ్ మార్చమనో చెప్పే మెయిల్ వస్తే ముందు ఆ ఫైలు పేరు గూగుల్‌లో కొట్టి చూడండి. రెండు నిమిషాల పని.

అసలు వైరస్ ఇలా డప్పు కొట్టుకుంటూ రాదు. 2000 మేలో ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ తెలిసినవాళ్ల నుంచి ప్రేమలేఖలా వచ్చింది. ఫైలు పేరులో ఉత్త రాతల ఫైలని చెప్పే టీఎక్స్‌టీ కనిపించేది, దాని వెనక ఇది ప్రోగ్రామని చెప్పే వీబీఎస్ అనే అసలు తోకను (ఎక్స్‌టెన్షన్) విండోస్ దాచేసేది. ఇప్పటికీ విండోస్ తెలిసిన రకం ఫైళ్ల తోకలు దాస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా ఈ పూటే మార్చుకోండి.

తుపాను తర్వాత వారం ఇంకా జాగ్రత్త. కరెంటు ఉండదు, సిగ్నల్ వచ్చీ రాక చస్తుంది, మనసు నిలకడగా ఉండదు. సరిగ్గా అప్పుడే ‘బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తాం’ అనో, ‘బాధితుల సహాయనిధి’ అనో వస్తుంది. పంపినవారి పేరు చూసి మురిసిపోవద్దు, ఎట్ (@) గుర్తు తర్వాత ఏముందో చదవండి. మెయిల్లో ఉన్న లింకు నొక్కకుండా ఆ సంస్థ సైటు మీరే టైపు చేసి వెళ్లండి. ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే ఇన్‌స్టాల్ చేయకండి, పక్కింటి అన్నయ్య పంపినా సరే. వర్డ్ ఫైలు తెరవగానే ‘ఎనేబుల్ కంటెంట్’ అని అడిగితే మూసేసి, పంపినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. ఫొటోలూ దస్తావేజులూ విడిగా ఒక డిస్కులో పెట్టి, కాపీ అయ్యాక వైరు పీకేయండి.

పొరపాటున నొక్కేశారా? నెట్ ఆపేసి, వేరే ఫోనులోంచి పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోతే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఉత్త పుకారే ఫార్వర్డ్ చేసి ఉంటే, అది అబద్ధమని అందుకున్న ప్రతి ఒక్కరికీ మళ్లీ రాయండి. ఎలుగుబంటి మెయిల్ నేను పద్దెనిమిది మందికి పంపాను. తప్పని తిరిగి రాసింది ఇద్దరికే. గాజువాకలో ఉండే మా చిన్నాన్న ఆ ఇద్దరిలో లేడు, పెళ్లిళ్లలో కనపడితే ఇప్పటికీ ఎలుగుబంటి ఊసెత్తుతాడు.