మీ కారు మీ చేతుల్లో – 6వ పాఠం: బెల్టు టెన్షనర్ మార్చడం, సరిచూడడం

కిందటి పాఠంలో బెల్టు మార్చడం నేర్చుకున్నాం. కొత్త బెల్టు వేసిన కొన్నాళ్లకే మళ్లీ కీచుమంటోందా? ఇంకో బెల్టు కొనేముందు, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను చూడండి. అదే అరిగిపోతే ఎంత మంచి బెల్టు వేసినా నిలవదు.

ఈ పాఠం స్ప్రింగుతో తనంతట తాను బిగువు చూసుకునే టెన్షనర్ గురించి. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, చాలా బళ్లలో వాటర్ పంపును కూడా తిప్పే గాళ్ల బెల్టుకు ఉండేది ఇదే. కవరు లోపలుండే టైమింగ్ బెల్టు టెన్షనర్ వేరు. దాంట్లో పొరపాటు జరిగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. ఈ పద్ధతి దానికి వాడొద్దు.

టెన్షనర్‌లో చుట్టల స్ప్రింగు, అది నెట్టే చెయ్యి, చెయ్యి చివర పుల్లీ ఉంటాయి. చెయ్యి కొట్టుకోకుండా రాపిడితో ఆపే బుష్ కూడా లోపలే ఉంటుంది. స్ప్రింగు బాగానే ఉన్నా ఈ బుష్ అరిగితే చాలు: చెయ్యి పక్కకు వాలుతుంది, పుల్లీ ఒరుగుతుంది, బెల్టు అంచుకు జరిగి పోగులు లేస్తుంది.

ముందు రోగం కనిపెట్టండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒకరిని ఏసీ వేసి తీయమని, మీరు చేతులు, బట్టలు దూరంగా పెట్టుకుని టెన్షనర్ చెయ్యిని గమనించండి. సన్నగా వణకడం మామూలే. కంటికి స్పష్టంగా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటే బుష్ పోయినట్టే. తర్వాత బెల్టు గాళ్లున్న వైపు కాసిని నీళ్లు చిలకరించండి. శబ్దం పెరిగితే బెల్టు జారుతోంది, అంటే బిగువు చాలదు. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేవు. బెల్టుకు పూసే జిగురు స్ప్రేల జోలికి మాత్రం పోకండి. అవి దుమ్మును పట్టి బెల్టును పాడుచేస్తాయి, అసలు తప్పును దాచేస్తాయి.

ఇక విప్పుదాం. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. టెన్షనర్ చెయ్యి మీద చదరపు రంధ్రమో, సాకెట్ పట్టే తలో ఉంటుంది. అక్కడ పొడవాటి హ్యాండిల్ పెట్టి స్ప్రింగుకు ఎదురుగా తిప్పితే బెల్టు వదులవుతుంది. బెల్టు తీశాక చెయ్యిని నెమ్మదిగా వెనక్కి రానివ్వండి. టక్కున వదిలితే బుష్ దెబ్బతింటుంది, వేళ్లూ నలుగుతాయి.

బెల్టు లేనప్పుడే మిగతా పుల్లీలన్నీ చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, ఊగినా బేరింగ్ పోయింది. టెన్షనర్ పుల్లీ మాత్రమే విడిగా మార్చేటప్పుడు దాని బోల్టు కొన్ని బళ్లలో ఎడమ మర, అంటే మామూలు బోల్టుకు ఎదురు వైపు తిప్పితే వదులయ్యేది అని గుర్తుంచుకోండి. బలవంతంగా తిప్పితే విరుగుతుంది.

కొత్తది బిగించేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది ఒక్కచోటే. చాలా టెన్షనర్లకు వెనక చిన్న పిన్ను ఉంటుంది. అది ఇంజిన్ మీద ఉన్న రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. బోల్టు వేసే ముందు టెన్షనర్‌ను అరచేత్తో అదిమి, అటూ ఇటూ కదిపి చూడండి. పిన్ను రంధ్రంలో పడితే అది తిరగదు, వెనక సందు కనపడదు. పిన్ను బయట ఉండగానే బోల్టు బిగిస్తే అల్యూమినియం పగులుతుంది, లేదా టెన్షనర్ వంకరగా కూర్చుంటుంది. బోల్టును మీ బండి మాన్యువల్లో చెప్పిన న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తో బిగించండి. టెన్షనర్‌కు చెయ్యిని వెనక్కి పట్టి ఉంచే లాక్ పిన్ను ఉంటే బెల్టు ఎక్కించేదాకా దాన్ని లాగొద్దు.

బెల్టు వేసేటప్పుడు నునుపు పుల్లీని ఆఖరికి ఉంచుకుంటే సులువు. వేశాక ప్రతి పుల్లీ అంచునా వేలితో తడిమి చూడండి. బెల్టు మీద 6పీకే అని ఉంటే 6 గాళ్లు, గాడికీ గాడికీ 3.56 మిల్లీమీటర్లు. ఒక్క గాడి పక్కకు పడినా పైకి చూస్తే సరిగ్గానే ఉన్నట్టుంటుంది, స్టార్ట్ చేసిన కాసేపటికే బెల్టు అంచు చీలుతుంది. బెల్టును నడిపే క్రాంక్ పుల్లీని ఇంజిన్ తిరిగే వైపుకే చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ తడమండి.

ఈ రకంలో మనం బిగువు పెంచేదేమీ లేదు. టెన్షనర్ మీద గీతలుంటే చెయ్యి ముల్లు వాటి మధ్యలో ఉందా అన్నదే చూడాలి. గీత దాటితే బెల్టు సాగింది, లేదా తప్పు పొడవుది వేశారు. 6పీకే 1200 అంటే పొడవు 1200 మిల్లీమీటర్లు. పాత బెల్టు మీది నంబరుతో కాదు, విడిభాగాల పుస్తకంతో సరిపోల్చండి. పాతదే తప్పుది అయివుండొచ్చు.

మరతో చేత్తో బిగించే రకంలో ఆల్టర్నేటర్ కింది బోల్టు, లాక్ బోల్టు కొద్దిగా వదులు చేసి, సర్దుబాటు బోల్టు తిప్పాలి. రెండు పుల్లీల మధ్య బెల్టును 10 కిలోల బలంతో నొక్కితే ఎంత దిగాలో మాన్యువల్ చెబుతుంది. కొత్త బెల్టుకు ఒక అంకె, వాడినదానికి ఇంకో అంకె ఉంటాయి. శబ్దం పోవాలని మరీ బిగిస్తే ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు పోతాయి.

బ్యాటరీ కలిపి స్టార్ట్ చేసి, 10 సెకన్లలో ఆపి బెల్టును చూడండి. సరిగ్గా ఉంటే ఏసీ వేసి మళ్లీ నడపండి. కొత్త టెన్షనర్ చెయ్యి కూడా కొట్టుకుంటోందంటే ఆల్టర్నేటర్ మీదుండే ఒకవైపే తిరిగే పుల్లీని అనుమానించాలి. అది పట్టేసిందో లేదో చూడడం 7వ పాఠం.