వెనక చక్రాల అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాల సర్దుబాటు) ముట్టుకునే ముందు

ముందు కారు కింద టార్చ్ వేసి చూడండి. స్విఫ్ట్ లాంటి వాటికి వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం) ఉంటుంది, అందులో తిప్పడానికి బోల్టే ఉండదు. అలాంటప్పుడు స్పానర్ పెట్టెలో పెట్టేసి టీ తాగండి. పాత హోండా సివిక్ లాంటి, వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలే ఏర్పాటు) ఉన్న కార్లకే ఈ గొడవ.

• నేల సమంగా ఉండాలి. డిక్కీ ఖాళీ చేసి, టైర్లలో గాలి సరిచూడండి.

• వెనక భాగం లేపితే హ్యాండ్‌బ్రేక్ నమ్ముకోకండి. అది పట్టేది వెనక చక్రాలనే, అవేమో గాల్లో ఉంటాయి! ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. జాకీ లేపడానికే, కిందికి దూరాలంటే స్టాండ్లు ఉండాల్సిందే. ఇటుకలు పగులుతాయి, వద్దు.

• బుష్‌లు (కీళ్లలోని రబ్బరు ముక్కలు), బేరింగ్ లూజుగా ఉంటే ముందు అవి మార్చాలి.

• క్యామ్ బోల్టు (తిప్పితే చక్రం కోణం మారే బోల్టు) వదులు చేసే ముందు దాని తల మీద, బ్రాకెట్ మీద కలిపి తెల్ల పెయింట్‌తో ఒకే గీత గీయండి. నేనోసారి బద్ధకించి గీయలేదు. పాత స్థానం దొరక్క సాయంత్రమంతా కారు కిందే గడిపాను.

• చివరి బిగింపు చక్రాలు నేల మీద, బండి బరువు పడ్డాకే. దానికి టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో కొలిచే స్పానర్) ముందే తెచ్చుకోండి.