పాత్ర తయారీ, పాఠం 4: పుట్టుకతో వచ్చిన బోనస్‌ను ఎటు తిప్పుకోవాలి

ఈ పాఠంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆటలో పాత్రకు రేస్‌తో (ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటి జాతితో) పాటు వచ్చే బోనస్‌లను మనకు కావలసిన చోటికి మార్చుకోవడం నేర్చుకోవాలి. కానీ గత పాఠం చివర 27 పాయింట్లతో ఆరు స్కోర్లు (స్ట్రెంత్, డెక్స్టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిజ్మా; పొట్టిగా డెక్స్, కాన్, ఇంట్, విజ్) కొనమని ఇచ్చిన లెక్క చాలా షీట్లలో తేడా కొట్టింది. ముందు ఆ పాత బాకీ తీర్చుకుందాం.

మొదటి తేడా ధరల్లో. 8 ఊరికే వస్తుంది. 13 దాకా మెట్టుకో పాయింట్: 9కి 1, 10కి 2, 11కి 3, 12కి 4, 13కి 5. అక్కడి నుంచి మెట్టుకి రెండేసి: 14కి 7, 15కి 9. కొందరు 14కి 6, 15కి 7 వేసుకున్నారు. అలాంటి షీట్‌లో ఒక 15, ఒక 14 ఉంటే చాలు, మీరు 27 అనుకున్నది నిజానికి 30.

రెండో తేడా వరుసలో. ముందు కొనాలి, బోనస్ తర్వాత కలపాలి. 15 అనే హద్దు కొనేటప్పటిది మాత్రమే, బోనస్ కలిశాక 17 అయితే తప్పేమీ లేదు. "ఇంటెలిజెన్స్ 16 కొన్నాను, 11 పాయింట్లు అయ్యాయి" అని రాసినవాళ్లు పట్టికలో లేని ధర కట్టారు. 14 కొని (7 పాయింట్లు) +2 కలిపితే అదే 16 వస్తుంది, నాలుగు పాయింట్లు చేతిలో మిగులుతాయి.

ఇక మూడోది. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాబట్టి కాస్త ఎక్కువసేపే చెబుతాను.

డీ అండ్ డీలో 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆటగాళ్ల నియమాల పుస్తకం) ప్రకారం బోనస్ రేస్ నుంచి వస్తుంది. 2024 హ్యాండ్‌బుక్ ప్రకారం స్పీషీస్ (రేస్‌కు కొత్త పేరు) నుంచి స్కోర్ బోనస్ రాదు, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వ జీవితం) నుంచి వస్తుంది. ప్రతి బ్యాక్‌గ్రౌండ్‌కీ మూడు స్కోర్లు రాసి ఉంటాయి. వాటిలో ఒకదానికి +2, ఇంకొకదానికి +1 వేసుకోవచ్చు, లేదా మూడింటికీ ఒక్కో +1 వేసుకోవచ్చు. రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టుకున్నవాళ్లు ఏం చేస్తున్నారంటే, పాతదాంట్లోంచి హాఫ్ ఎల్ఫ్‌ను (కరిజ్మా +2, మరో రెండింటికి +1) తెచ్చుకుని, కొత్తదాంట్లోంచి నోబుల్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుని దాని +2 కూడా కరిజ్మాకే తగిలిస్తున్నారు. కొన్న 15 కాస్తా మొదటి లెవెల్‌లోనే 19 అయింది! ఒకే పెళ్లిలో రెండు పంక్తుల్లో కూర్చుని భోంచేసినట్టు.

దీనికి నియమం 2024 పుస్తకంలోనే ఉంది. పాత రేస్ తెచ్చుకుంటే దాని స్కోర్ బోనస్‌లు వదిలేయాలి, బ్యాక్‌గ్రౌండ్‌వి మాత్రమే లెక్క. తిరగేసి జరిగే తప్పు కూడా ఉంది. 2024 డ్వార్ఫ్‌కి 2014 బ్యాక్‌గ్రౌండ్ జోడించి, రెండు వైపులా బోనస్ కనబడక ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు మీకు +2, +1 గానీ మూడు +1లు గానీ ఇష్టమైన స్కోర్లకు వేసుకునే హక్కుంది. ఆ బ్యాక్‌గ్రౌండ్‌కు ఫీట్ (ప్రత్యేక సామర్థ్యం) లేకపోతే ఒక ఆరిజిన్ ఫీట్ (మొదట్లోనే తీసుకునే రకం) కూడా మీదే.

అసలు తికమక పేర్ల దగ్గర మొదలవుతుంది. సేజ్, సోల్జర్, క్రిమినల్, నోబుల్, సెయిలర్, ఎకోలైట్ రెండు పుస్తకాల్లోనూ ఉన్నాయి, లోపలి సరుకు మాత్రం వేరు. అందుకే షీట్ మీద పేరు పక్కనే ఏడాది రాయండి: "సేజ్ 2024", "మౌంటెన్ డ్వార్ఫ్ 2014" అని. ఏడాది లేని షీట్ నేను చదవను. పాయింట్ బైలో (ఇలా పాయింట్లతో స్కోర్లు కొనే పద్ధతిలో) మొదటి లెవెల్‌కి మామూలుగా 17 దాటదు. 18 కనబడితే ఎలా వచ్చిందో అడగండి (ఒక దారి ఉంది, కింద చెబుతాను). 19 కనబడితే అడగక్కర్లేదు, కొట్టేయండి.

ఇప్పుడు పాఠం. మీ బల్ల పూర్తిగా 2014 నియమాల మీద నడుస్తుంటే, 2020లో వచ్చిన టాషాస్ కాల్‌డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే అదనపు పుస్తకంలోని ఐచ్ఛిక నియమంతో రేస్ బోనస్‌లను ఏ స్కోర్‌కైనా మార్చుకోవచ్చు. డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) ఒప్పుకోవాలి. షరతు ఒకటే: రెండు బోనస్‌లను ఒకే స్కోర్ మీద వేయకూడదు. +2, +1 కలిపి +3 చేయడం కుదరదు, 2024లోనూ అంతే.

నా పద్ధతి వెనక నుంచి ముందుకు. చివరికి ఏ స్కోర్లు కావాలో ముందు రాసుకుంటాను, అందులోంచి బోనస్ తీసేస్తాను, మిగిలినదాని ధర చూస్తాను. మౌంటెన్ డ్వార్ఫ్ విజర్డ్‌ను చేద్దాం (విజర్డ్ అంటే మంత్రగాడి క్లాస్, క్లాస్ అంటే పాత్ర వృత్తి). ఈ రేస్‌కి స్ట్రెంత్ +2, కాన్‌స్టిట్యూషన్ +2. స్ట్రెంత్‌తో విజర్డ్‌కి పనిలేదు, ఆ +2ను ఇంటెలిజెన్స్‌కి తిప్పుతాం. కావలసినవి: ఇంట్ 16, కాన్ 16, డెక్స్ 14. బోనస్ తీసేస్తే కొనాల్సినవి 14, 14, 14. మూడు ఏడులు 21 పాయింట్లు. మిగిలిన 6లో విజ్‌డమ్ 12 (4), కరిజ్మా 10 (2), స్ట్రెంత్ 8. సరిగ్గా 27. మొదటి లెవెల్ ప్రాణం 6 (విజర్డ్ క్లాస్‌ది) + 3 (కాన్ 16 మాడిఫయర్, అంటే స్కోర్‌లోంచి 10 తీసేసి సగం చేస్తే వచ్చేది) = 9 హిట్ పాయింట్లు.

16కి బదులు ఇంట్ 17 కావాలంటే 15 కొనాలి, రెండు పాయింట్లు అదనం. కరిజ్మాను 8కి దించితే అవి దొరుకుతాయి. మొదటి లెవెల్‌లో 16కీ 17కీ మాడిఫయర్ ఒకటే, +3. తేడా నాలుగో లెవెల్‌లో తెలుస్తుంది, అక్కడ స్కోర్‌కి +2 గానీ ఒక ఫీట్ గానీ తీసుకోవచ్చు. 16 ఉన్నవాళ్లు 18కి వెళ్లాలంటే +2 మొత్తం ఖర్చుపెట్టాలి. 17 ఉన్నవాళ్లు ఫే టచ్డ్ లాంటి +1 ఇచ్చే ఫీట్ తీసుకుంటే 18 వస్తుంది, మిస్టీ స్టెప్ మంత్రం కూడా చేతికొస్తుంది. నేనైతే ఎప్పుడూ 17నే తీసుకుంటాను. మీ ఆట నాలుగో లెవెల్ దాకా సాగదని తెలిస్తే మాత్రం 17 దండగ.

బేసి స్కోర్లన్నీ వృథా అనే మాట నమ్మకండి. మల్టీక్లాస్‌కి (ఇంకో క్లాస్ కలుపుకోవడానికి) 13 కావాలి. బరువైన కవచాల్లో చెయిన్ మెయిల్‌కి స్ట్రెంత్ 13, ప్లేట్‌కి 15 లేకపోతే వేగం 10 అడుగులు పడిపోతుంది. నిజంగా వృథా అయ్యేవి 9, 11. 9కి మాడిఫయర్ 8తో సమానంగా -1 (సగం చేశాక ఎప్పుడూ కిందికే దించాలి). వాటి మీద +1 పడకపోతే కొనకండి.

2024 బ్యాక్‌గ్రౌండ్‌తో మూడు +1లు ఎప్పుడు మేలు? 15, 13, 13, 12, 12, 8 కొనండి (9+5+5+4+4). మూడు బేసి స్కోర్ల మీదా +1 వేస్తే 16, 14, 14, 12, 12, 8. మాడిఫయర్లన్నీ కూడితే 8. అదే కొనుగోలుకు +2, +1 వేస్తే 17, 14, 13, 12, 12, 8, మొత్తం 7. పాలడిన్, మంక్ లాంటి మూడు స్కోర్ల మీద నడిచే క్లాసులకు ముందు ఇది చూడండి.

ఇక ప్రొఫిషియెన్సీల (స్కిల్, ఆర్మర్ అంటే కవచం, ఆయుధం, టూల్ అంటే పనిముట్టు, వీటిని వాడే నేర్పుల) మార్పిడి. టాషా నియమంలో స్కిల్‌కి స్కిల్ దొరుకుతుంది. ఆర్మర్ ఇచ్చేస్తే ఏ ఆయుధమైనా, టూల్ అయినా తీసుకోవచ్చు. మార్షల్ ఆయుధానికీ (యుద్ధ శిక్షణ కావలసిన రకానికీ) అంతే. సింపుల్ ఆయుధం ఇచ్చేస్తే సింపుల్ ఆయుధం గానీ టూల్ గానీ. టూల్‌కి టూల్ గానీ సింపుల్ ఆయుధం గానీ. జారిపడేది ఇక్కడే: ఎల్ఫ్ ఆయుధాల్లో లాంగ్‌సోర్డ్, షార్ట్‌సోర్డ్, లాంగ్‌బో మార్షల్, షార్ట్‌బో మాత్రం సింపుల్. డ్వార్ఫ్‌కి బ్యాటిల్ యాక్స్, వార్‌హ్యామర్ మార్షల్, హ్యాండ్ యాక్స్, లైట్ హ్యామర్ సింపుల్. హ్యాండ్ యాక్స్ ఇచ్చి మార్షల్ ఆయుధమైన రేపియర్ పుచ్చుకోవడం కుదరదు.

మన విజర్డ్ ఆర్మర్‌ను చచ్చినా మార్చకూడదు. మౌంటెన్ డ్వార్ఫ్‌కి లైట్, మీడియం ఆర్మర్ పుట్టుకతో వస్తాయి, విజర్డ్ క్లాస్ ఇవ్వనివి అవే. 50 గోల్డ్ పెట్టి స్కేల్ మెయిల్ కొంటే ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవలసిన అంకె) 14 + డెక్స్ మాడిఫయర్ 2 = 16. మేజ్ ఆర్మర్ మంత్రంతో వచ్చేది 13 + 2 = 15, పైగా మొదటి లెవెల్‌లో ఉన్న రెండు స్పెల్ స్లాట్లలో (మంత్రం వేసే అవకాశాల్లో) ఒకటి దానికే పోతుంది. నష్టమల్లా స్టెల్త్‌కి (చప్పుడు కాకుండా దాక్కోవడానికి) డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు పాచిక వేసి తక్కువది తీసుకోవడం. అదే డ్వార్ఫ్ ఫైటర్ అయితే ఆ రెండు ఆర్మర్ ప్రొఫిషియెన్సీలు క్లాస్ నుంచే వస్తాయి కాబట్టి నిస్సంకోచంగా టూల్స్‌కి మార్చేయండి. భాషల మార్పిడి చెప్పేంత లేదు, ఒకదానికి ఒకటి.

ఇందాక వాయిదా వేసిన 18 సంగతి. టాషాలోనే రేస్‌కి బదులు తీసుకునే కస్టమ్ లినియేజ్ ఉంది: ఒక స్కోర్‌కి +2, ఒక ఫీట్, దాంతోపాటు డార్క్‌విజన్ (చీకట్లో చూపు) గానీ ఒక స్కిల్ గానీ. 15 కొని +2 వేసి, +1 ఇచ్చే ఫీట్ తీసుకుంటే 18. నియమం ప్రకారం సక్రమమే. చాలామంది డీఎంలు ఒప్పుకోరు, ముందే అడగండి.

అభ్యాసం. మొదటిది 2024 మంక్. చివరి స్కోర్లు డెక్స్ 16, విజ్ 16, కాన్ 14, మిగతావి 10, 10, 8. 2024 హ్యాండ్‌బుక్‌లోని పదహారు బ్యాక్‌గ్రౌండ్లలో డెక్స్, విజ్‌డమ్ రెండూ ఉన్నవి నాలుగే: గైడ్, సెయిలర్, స్క్రైబ్, వేఫేరర్. నాలుగింటితోనూ ఇవే స్కోర్లు తెచ్చి, నాలుగు ఫీట్లలో మీ పాత్రకి ఏది కావాలో రాయండి. గైడ్‌తో రెండు దారులున్నాయి, రెండూ చూపించాలి.

రెండోది కాస్త కష్టం. 2014 మౌంటెన్ డ్వార్ఫ్ లైఫ్ క్లెరిక్‌ను (పూజారి క్లాస్‌లో హెవీ ఆర్మర్ వేసుకోగల రకం) స్ట్రెంత్ 8తో కట్టండి. హెవీ ఆర్మర్ ఆ డ్వార్ఫ్ వేగాన్ని తగ్గించదు కాబట్టి ప్లేట్‌కి 15 అక్కర్లేదు. తర్వాత అదే పాత్రను 2024 డ్వార్ఫ్, ఫార్మర్ బ్యాక్‌గ్రౌండ్, ప్రొటెక్టర్ క్లెరిక్‌గా (ఇదీ హెవీ ఆర్మర్ వేసుకోగల రకమే) తిరిగి కట్టండి. కొత్త డ్వార్ఫ్‌కి ఆ మినహాయింపు లేదు. స్ట్రెంత్ 15, విజ్ 16, కాన్ 14 రావాలి. ఈ మూడూ తెచ్చాక 27లో 6 పాయింట్లు మిగలాలి. 5 మిగిలితే +2ను కాన్‌స్టిట్యూషన్‌కి వేశారన్నమాట, మళ్లీ చేయండి.