పట్టు పోగును కాల్చి చూడటం ఎలా?

పోగు కాల్చి చూస్తే పట్టు సంగతి తేలిపోతుందని అందరికీ తెలుసు. సరిగ్గా కాల్చేవారే కనిపించరు. కదిరి, అనంతపురం వైపు నుంచి మా బంధువులు పెళ్లి చీరలకు బెంగళూరు వస్తారు. ధర్మవరం పక్కనే పెట్టుకుని ఇంత దూరం ఎందుకని నేను అడగను. పగలంతా చిక్కపేటలో తిరిగి, రాత్రికి మా ఇంట్లో సంచులు దించి, అగ్గిపెట్టె అడుగుతారు. అక్కడే మొదటి తప్పు. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు ముక్కును ఆక్రమిస్తుంది, ఆ తరువాత ఏ వాసనా తెలియదు. గ్యాస్ లైటరే వాడాలి. దేవుడి గదిలో అగరుబత్తి వెలుగుతుంటే ఆరేదాకా ఆగండి.

ఒక స్టీలు పళ్లెం, చిన్న పట్టకారు, గ్లాసుడు నీళ్లు చాలు. ఫ్యాను ఆపండి. చీరను పక్క గదిలో పెట్టండి.

పోగును ఒక్కచోటు నుంచే లాగితే సగం పరీక్షే చేసినట్టు. పడుగు (పొడవు పోగులు) పట్టు, పేక (అడ్డ పోగులు) మరొకటి అయిన చీరలు చాలా ఉన్నాయి. జాకెట్టు ముక్క చివర కత్తిరించిన అంచు దగ్గర పొడవునా ఒకటి, అడ్డంగా ఒకటి తీసి, విడివిడిగా కాల్చాలి. కొంగు కుచ్చుల నుంచి తీయవద్దు. కొంగుకు వేరే పడుగు అతికి నేసే చీరలూ ఉన్నాయి.

పోల్చి చూసుకోవడానికి, చీర పోగు కంటే ముందు మీ తల వెంట్రుక ఒకటి, దీపం వత్తి నుంచి తీసిన దూది పోగు ఒకటి కాల్చండి. దీన్ని దాటవేసేవారితో నేను వాదించడం మానేశాను. వెంట్రుక, పట్టు రెండూ జంతువు ఒంటి నుంచి వచ్చిన ప్రోటీన్లే. వెంట్రుకలో ఉన్నది కెరాటిన్. మల్బరీ ఆకు తిన్న పురుగు గూడు కట్టుకోవడానికి వదిలే పోగులో ఉన్నది ఫైబ్రాయిన్, దానిపై సెరిసిన్ అనే జిగురు. దూది మొక్కది, అంటే సెల్యులోజు. ఆర్ట్ సిల్క్ అని అమ్మే విస్కోసు కూడా చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజే. ఎంత మెరిసినా నిప్పు ముందు అది దూది బంధువే: భగ్గున అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది.

ఇక అసలు చిక్కు. పోగును మంటలో ముంచవద్దు, పక్క నుంచి మెల్లగా దగ్గరకు తీసుకురండి. పట్టు మంటను చూసి ముడుచుకుంటుంది. నిదానంగా, చిటపటమంటూ కాలి, మంట తీసేస్తే సాధారణంగా తానే ఆరిపోతుంది. చివర నల్లటి పూస మిగులుతుంది. పాలియెస్టరూ ముడుచుకుంటుంది, దానికీ నల్లటి పూసే మిగులుతుంది! పూస కనబడగానే "పట్టే" అని చీర మడిచేసేవారు మోసపోయేది ఇక్కడే.

తేడా తెలిసేది నలిపినప్పుడు. పట్టు పూస వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలియెస్టరు పెట్రోలియం నుంచి వచ్చింది కనుక కరిగి, చల్లారి, గింజలా గట్టిపడుతుంది. గోరుతో నొక్కినా చెదరదు. పొడిలో సన్నటి గింజ తగిలితే రెండూ కలిపి పేనారని అర్థం. అయితే పూసను పళ్లెంలో ఒక నిమిషం వదిలేసి, ఆ తరువాతే ముట్టుకోండి. కరిగిన పాలియెస్టరు చర్మానికి అంటుకుంటే రాదు. మా పిన్ని తొందరపడి బొటనవేలు కాల్చుకుంది, వారం రోజులు పిండి కలపలేకపోయింది. పూస బదులు పోగు ఆకారమే బూడిదగా నిలిచి ఉంటే, బరువు కోసం పట్టుకు లోహ లవణాలు పట్టించి ఉండవచ్చు.

వాసన దగ్గర మరో పొరపాటు. వెంట్రుకంత ఘాటుగా లేదని మంచి పట్టును తిప్పి పంపినవారిని చూశాను. వెంట్రుకలో గంధకం ఎక్కువ, పట్టులో దాదాపు లేదు. అందుకే పట్టు వాసన అదే జాతిదైనా పలచగా ఉంటుంది. ఉన్ని శాలువ పోగు కాల్చండి, అప్పుడు ఘాటు తెలుస్తుంది.

ఈ పరీక్ష జాతి చెప్పదు. మల్బరీ పట్టయినా, మద్ది ఆకు తినే పురుగు ఇచ్చే టస్సరయినా, ఆముదం ఆకు తినే ఎరి పట్టయినా ఒకేలా కాలతాయి. కాల్చడం ఇష్టం లేనివారు కేంద్ర పట్టు బోర్డు ఆధ్వర్యంలో 2004లో వచ్చిన, అసలు పట్టని తెలిపే సిల్క్ మార్క్ చీటీ చూసి కొనుక్కోవచ్చు. జరీ పోగు మాత్రం కాల్చవద్దు. అసలు జరీలో పట్టు దారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. దాని నాణ్యత తేల్చడం లైటరు పని కాదు.