నూర్: ఈ పేరును పలకడం, రాయడం, అర్థం చేసుకోవడం ఎలా

అరబీలో నూన్, వావ్, రా అనే మూడు అక్షరాలు కలిస్తే నూర్. అర్థం వెలుగు. వెలుగుల్లోనూ చల్లనిది: ఖురాన్ పదో సూరా (అధ్యాయం) అయిదో ఆయత్‌లో (వాక్యంలో) సూర్యుడి కాంతి ‘దియా’, చంద్రుడిది ‘నూర్’. 24వ సూరా పేరే అన్‌నూర్.

ముందు దీర్ఘం సరిచూసుకోండి. నడుమనున్న వావ్ ఇక్కడ ‘ఊ’. అరబీలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు కాబట్టి ఇవే మూడక్షరాలను ‘నౌర్’ అని కూడా చదవొచ్చు, కానీ అప్పుడు అర్థం పూత, చెట్టు పూసే పూత. ఫ్రెంచి ప్రభావమున్న దేశాలవాళ్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎన్, ఓ, యు, ఆర్ అని రాస్తారు. అది చూసి తెలుగులో నౌర్ అనేయడం తరచూ జరిగే తప్పు. వావ్ స్థానంలో అలిఫ్ పడితే ‘నార్’, అంటే నిప్పు. తెలుగులో చివర పొల్లు తప్పనిసరి. ‘నూరు’ అంటే మనకు వంద, ‘నూరా’ అంటే ఆడపిల్లలకే పెట్టే వేరే పేరు.

మునీర్‌కు మునీరా ఉన్నట్టు నూర్‌కు జోడీ రూపం లేదు. మునీర్ అంటే వెలుగునిచ్చేవాడు, కాబట్టి లింగాన్ని బట్టి మారుతుంది. నూర్ నేరుగా వెలుగు పేరే, అందుకే అబ్బాయికైనా అమ్మాయికైనా అదే. ఈజిప్టు నటుడు నూర్ అల్ షరీఫ్ (1946–2015) పురుషుడు, 1978లో హుస్సేన్ రాజును పెళ్లాడిన జోర్డాన్ రాణి నూర్ స్త్రీ. అనువాదం చేసేవాళ్లు పేరు చూసి ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తేల్చేయకండి. మూలంలో క్రియ చూడండి: ‘జాఅ’ అయితే అతను, ‘జాఅత్’ అయితే ఆమె. ఆధారం దొరక్కపోతే ‘వచ్చారు’ అనే వీలు తెలుగులో ఉండనే ఉంది.

జంట పేర్లలో మాత్రం లింగం చాలావరకు తేలిపోతుంది. నూరుద్దీన్ (ధర్మానికి వెలుగు) మగపేరు, నూరున్నిసా (స్త్రీలలో వెలుగు) ఆడపేరు. మధ్యలో ఉన్న ‘అల్’లోని లకారం ద, న లాంటి అక్షరాల ముందు వాటిలోనే కలిసిపోతుంది. హ ముందు నిలుస్తుంది, కాబట్టి నూరుల్‌హుదా. ఫారాలు నింపేటప్పుడు ‘నూర్’ ఒక గడిలో, ‘ఉద్దీన్’ ఇంటిపేరు గడిలో వేస్తే పేరు ముక్కలైపోతుంది. ‘ఉద్దీన్’ ఒంటరిగా పేరే కాదు. నూరుల్ ఐన్ అంటే అచ్చంగా మన ‘కంటివెలుగు’.

‘అల్’తో కలిపి అన్‌నూర్ అంటే అది దేవుడి నామాల్లో ఒకటి. మనిషికి పెట్టాలంటే ముందు ‘అబ్ద్’ (దాసుడు) చేర్చి అబ్దున్నూర్ అంటారు, అది మగపిల్లలకే. ఒట్టి నూర్‌కు ఆ పట్టింపు లేదు.

పేరును బట్టి మతం కూడా ఊహించకండి. అరబ్ క్రైస్తవుల్లోనూ నూర్‌లు ఉన్నారు. ఈస్టర్‌కు ముందురోజును వాళ్లు ‘సబ్తున్నూర్’ అంటారు, వెలుగు శనివారం అని.