కారులో మంచి సౌండ్ కావాలంటే డబ్బులు దేని మీద పెట్టాలి

యాక్సెసరీ షాపులో అడుగు పెట్టగానే ముందు చూపించేది బేస్ ట్యూబ్ (గొట్టంలా ఉండే సబ్ వూఫర్, అంటే లోతైన శబ్దాలకి పెట్టే పెద్ద స్పీకర్), దాని మీద మెరుస్తూ 1200 వాట్స్ అని స్టిక్కర్. ఆ అంకెను అస్సలు పట్టించుకోకండి. అది పీక్ లెక్క, అంటే రెప్పపాటు సేపు తట్టుకునేది. మీరు అడగాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా నడిచే పవర్, ఎంత అని. స్టీరియోల సంగతీ అంతే, డబ్బా మీద 50 ఇంటూ 4 అని వేస్తారు, నిలకడగా ఒక్కో ఛానల్‌కి వచ్చేది 15 నుంచి 20 వాట్లే.

నా మాట వింటే బడ్జెట్‌లో పెద్ద వాటా ముందు డోర్ల స్పీకర్లకి పెట్టండి. వెనకవి కంపెనీవే ఉంచేసినా కొంపేం మునగదు, పాట ఎదురుగా డాష్‌బోర్డ్ వైపు నుంచి రావాలి గానీ వీపు వెనక నుంచి కాదు కదా. మన కార్లలో చాలావాటికి ముందు ఆరున్నర అంగుళాల స్పీకర్ పడుతుంది, అయినా లోతు కొలిచే కొనండి, మాగ్నెట్ లావుగా ఉంటే అద్దం దించినప్పుడు తగులుతుంది. ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) పెద్ద స్పీకర్ మధ్యలోనే ఉంటే కోయాక్సియల్, విడిగా వస్తే కాంపోనెంట్. నేనైతే కాంపోనెంటే అంటాను, ఎందుకంటే స్పీకర్ కాళ్ల దగ్గర మోగుతున్నా ట్వీటర్‌ని అద్దం పక్కన పైన పెడితే గాయకుడి గొంతు పైకి లేస్తుంది. యాంప్లిఫయర్ వద్దనుకుంటే మాత్రం సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందనే లెక్క, 90 డెసిబెల్స్ దాటినవి చూసుకోండి. 3 డెసిబెల్స్ తక్కువైతే అంతే సౌండ్ రావడానికి రెట్టింపు పవర్ కావాలి.

ఇప్పుడు ఎవరూ చెప్పని ఖర్చు. డోర్ బయటి రేకు మీద వేళ్లతో కొట్టి చూడండి, డబడబమని మోగుతుందా? ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా దాంతోపాటు ఆ రేకూ పాడుతుంది. లోపల బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు (రేకు అదురు ఆపే రబ్బరు లాంటి షీట్లు) అతికించి, లోపలివైపు రేకులో ఉన్న పెద్ద రంధ్రాలు మూయించి మళ్లీ కొట్టండి, చెక్క మీద కొట్టినట్టు పొట్టిగా, గట్టిగా వినిపిస్తుంది. సబ్ వూఫర్ లేకుండానే డప్పు దెబ్బ, మృదంగం తొప్పి గుండ్రంగా వినపడటం మొదలవుతుంది. పది వేలు పోసి స్పీకర్లు మార్చే ముందు ఈ పని చేయించండి.

యాంప్లిఫయర్ తీసుకుంటే ఒకేసారి 4 ఛానల్‌ది తీసుకోండి. రెండు ఛానళ్లు ముందు స్పీకర్లకి, మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, తర్వాత ఎప్పుడైనా సబ్‌కి ఇవ్వొచ్చు. కంపెనీ టచ్‌స్క్రీన్ తీయడం ఇష్టం లేకపోతే హై లెవెల్ ఇన్‌పుట్ (కంపెనీ స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునేది) ఉన్నది అడగండి. డబ్బులుంటే డీఎస్‌పీ (ఒక్కో స్పీకర్ శబ్దాన్ని విడిగా సర్దే డిజిటల్ ప్రాసెసర్) కూడా ఉన్నదైతే ఇంకా మంచిది. మనం కుడివైపు కూర్చుంటాం కాబట్టి కుడి స్పీకర్ శబ్దం ముందే చేరుతుంది (ఒక మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు), దాన్ని కాస్త ఆలస్యం చేసి రెండూ కలిసి వచ్చేలా సర్దేది అదే.

వైరింగ్ కిట్‌లో కక్కుర్తి పడొద్దు. తీగ కొస గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, అది తిరిగి ఇచ్చేసి అసలు రాగిది అడగండి. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఫ్యూజ్ ఉండాలి, ఇది లేకపోతే షార్ట్ అయినప్పుడు వైరే అంటుకుంటుంది. ఎర్త్ వైరు పెయింట్ గీకిన రేకుకే బిగించమనండి.

సబ్ చివర్లో చూసుకోవచ్చు. డీజే మోత కావాలంటే పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న) బాక్సు, పాట శుభ్రంగా వినాలంటే సీల్డ్ (పూర్తిగా మూసినది), డిక్కీ చిన్నదైతే సీటు కింద పట్టేది. కొనే ముందు షాపు బోర్డు మీద కాకుండా ఆ స్పీకర్లే బిగించిన కారేదైనా ఉంటే అందులో మీ ఫోన్‌లోని పాట పెట్టి వినండి. కంపెనీ వైర్లు కట్ చేస్తానంటే ఒప్పుకోకండి, వారంటీతో పేచీ వస్తుంది, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్) తెప్పించమనండి.